మార్చి 29కి ఇంకా 40 రోజులు: బ్రిటన్ ప్రభుత్వం ఎందుకు కదలడం లేదు?

లీడ్స్ గోపాలం
2019 ఫిబ్రవరి 17, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. బ్రెగ్జిట్ మీద, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి వెళ్లడం మీద, మన వేదికలో పాత చర్చలు చాలా ఉన్నాయి. అవన్నీ ఉండాలా, వెళ్లాలా అన్న వాదనలు. నా ప్రశ్న వేరు.

2016 జూన్ 23 రెఫరెండంలో వెళ్లాలని 51.9 శాతం ఓటేశారు. 2017 మార్చి 29న ప్రధాని థెరెసా మే ఈయూ ఒప్పందంలోని ఆర్టికల్ 50 కింద వెళ్తున్నామని నోటీసు ఇచ్చారు. ఆ రెండేళ్ల గడువు వచ్చే నెల 29 రాత్రి 11 గంటలకు తీరిపోతుంది. తేదీ ఇంత ముందే తెలిసిన పని ఇది. ఇప్పుడు 40 రోజులు మిగిలాయి, ఏ నిబంధనల మీద బయటికి వెళ్తున్నామో ప్రభుత్వమే చెప్పలేకపోతోంది.

నేను ఒక చిన్న దిగుమతి కంపెనీలో ప్లానింగ్ చూస్తాను. నెదర్లాండ్స్, ఇటలీల నుంచి ప్యాకింగ్ సామాను తెప్పిస్తాం. ఏప్రిల్ మొదటి వారం సరుకుకు ఆర్డర్ ఈ వారమే పెట్టాలి. సుంకం పడుతుందా, పడితే ఎంత, డోవర్ రేవులో లారీని ఆపుతారా అని అడిగితే సమాధానం లేదు. ముందే తెప్పించి నిల్వ పెడదామంటే గోదాములు దొరకడం లేదు, అందరూ అదే పని చేస్తున్నారు.

మొన్న 14న పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో ప్రభుత్వ తీర్మానం 303-258తో ఓడిపోయింది. అంతకుముందు జనవరి 15న, బయటికి వెళ్లే షరతుల మీద ప్రధాని ఈయూతో కుదుర్చుకున్న ఒప్పందమే 432-202తో ఓడింది. 230 ఓట్ల తేడా! ఆధునిక బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వమూ ఇంత ఘోరంగా ఓడలేదు. ఆ తర్వాత నెల దాటినా ఒప్పందంలో ఒక్క వాక్యం మారలేదు. ఎంపీల ఫిబ్రవరి సెలవులు రద్దు చేశారు, బాగానే ఉంది. కానీ ఈ వారం కూడా ఒప్పందం మీద ఓటింగ్ లేదు. దీన్ని మీరెలా అర్థం చేసుకుంటున్నారు?

పల్నాటి వకీలు
ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 1:40

గోపాలం గారూ, ఇందులో చట్టపరంగా ఒక కిటుకు ఉంది. మామూలుగా ప్రభుత్వం పని చేయకపోతే పని ఆగిపోతుంది. బిల్లు పాస్ కాకపోతే పాత చట్టమే నడుస్తుంది. ఇక్కడ అది తలకిందులైంది. 2018 జూన్‌లో తెచ్చిన ఉపసంహరణ చట్టంలో వెళ్లే తేదీ, గంట కూడా రాసేశారు. ఆర్టికల్ 50 లెక్కా అంతే. ఒప్పందం కుదిరినా కుదరకపోయినా రెండేళ్లకు సభ్యత్వం పోతుంది. గడువు పెంచాలంటే మిగతా 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి.

కాబట్టి ఏమీ చేయకుండా కూర్చోవడం అంటే ఒప్పందం లేకుండా వెళ్లిపోవడాన్ని ఎంచుకున్నట్టే. కామన్స్ సభలో నో డీల్ కోరేవాళ్లు మైనారిటీ. అయినా మెజారిటీ దేని మీదా ఒక మాట మీదికి రాకపోతే జరిగేది ఆ మైనారిటీ కోరిందే.

వెనక్కి తగ్గే దారి ఒకటి ఉంది. బ్రిటన్ ఎవరి అనుమతీ లేకుండా నోటీసును ఉపసంహరించుకోవచ్చని ఈయూ న్యాయస్థానం 2018 డిసెంబర్ 10న తీర్పు ఇచ్చింది. సరిగ్గా ఆ రోజే ప్రధాని, మర్నాడు జరగాల్సిన ఓటింగ్‌ను వాయిదా వేశారు. ఓడిపోతామని తెలిసే వాయిదా వేశారు. ఐదు వారాల తర్వాత పెడితే ఓడిపోయారు. ఆ ఐదు వారాలు ఎవరికి పనికొచ్చాయి?

కాజీపేట ప్యాసింజర్
ఫిబ్రవరి 17, సాయంత్రం 6:05

నేను లెస్టర్‌లో ఉంటాను. వెళ్లాలనే ఓటేశాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఇక్కడుంటున్న భారత పౌరులకు కామన్వెల్త్ కింద ఆ రెఫరెండంలో ఓటు ఉంది. పోలండ్, రుమేనియా వాళ్లకు లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఎందుకు వేశానంటే, యూరప్ నుంచి ఎవరైనా వీసా లేకుండా వచ్చి పని చేసుకోవచ్చు. మన డాక్టర్లకు మాత్రం ఏడాదికి 20,700 అన్న పరిమితి. 2018 మొదట్లో ఇక్కడి ఆసుపత్రులు ఉద్యోగం ఇస్తామని రాసిచ్చినా, ఆ నెల కోటా అయిపోయిందని మనవాళ్ల దరఖాస్తులు తిప్పి పంపారు. డాక్టర్లను, నర్సులను ఆ పరిమితి నుంచి తప్పించింది ఆ ఏడాది మధ్యలో.

ఇక ప్రభుత్వం సంగతి. కదలడం లేదన్నది నిజమే. కానీ వెళ్లాలన్నవాళ్లకే ఎక్కువ అన్యాయం జరిగిందని నా బాధ. థెరెసా మే 2016 జూలైలో ప్రధాని అయ్యారు. నో డీల్ ఏర్పాట్లు పూర్తిస్థాయిలో చేయాలని మంత్రివర్గం తీర్మానించింది ఎప్పుడు? 2018 డిసెంబర్ 18న. 200 కోట్ల పౌండ్లు, 3,500 మంది సైనికులు సిద్ధం అన్నారు. అప్పటికి చేతిలో ఉన్నది వంద రోజులు. అదే పని మొదటి రోజు నుంచి చేసి ఉంటే బ్రసెల్స్‌లో బేరమే వేరుగా ఉండేది. లేచి వెళ్లడానికి సిద్ధంగా లేనివాడితో ఎవరు బేరమాడతారు?

లీడ్స్ గోపాలం
ఫిబ్రవరి 17, రాత్రి 8:30

ప్యాసింజర్ అన్నా, ఏర్పాట్ల గురించి మీరన్నదాంతో నాకు పేచీ లేదు. ఆ ఏర్పాట్లు చేసిన తీరు చూడండి. ఇంగ్లిష్ ఛానల్ మీద అదనపు ఫెర్రీలు నడపడానికి సీబోర్న్ ఫ్రైట్ అనే కంపెనీకి 1.38 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ కంపెనీకి ఒక్క ఓడ కూడా లేదు. ఈ నెల 9న రద్దు చేశారు. జనవరి 7న మాన్‌స్టన్ పాత ఎయిర్‌ఫీల్డ్‌లో లారీల రద్దీకి రిహార్సల్ పెడితే వచ్చినవి 89 లారీలు. రద్దీ రోజుల్లో డోవర్ నుంచి వెళ్లి వచ్చేవి పది వేల దాకా.

పన్నుల శాఖ నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈయూతో మాత్రమే వ్యాపారం చేసే లక్షా 45 వేల కంపెనీలకు పంపారట. ఈవోఆర్ఐ నంబర్ (కస్టమ్స్ కోసం వ్యాపారుల రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకోండి, కస్టమ్స్ ఏజెంటును పెట్టుకోండి అని రాశారు. నంబర్ తీసుకున్నాం, ఉచితమే. ఏజెంట్లకు ఫోన్ చేస్తే కొత్త క్లయింట్లను తీసుకోవడం లేదంటున్నారు. ఇన్నాళ్లూ యూరప్ సరుకుకు కస్టమ్స్ కాగితమే లేదు, ఆ పని తెలిసినవాళ్లు రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి వస్తారు?

ఫాయిల్ ఒడ్డు
ఫిబ్రవరి 18, ఉదయం 7:15

నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చి చదువుతున్నాను. నేను నార్తర్న్ ఐర్లండ్‌లో డెర్రీ దగ్గర నర్సును. మీరంతా డోవర్ గురించి మాట్లాడుతున్నారు, నిజమైన చిక్కు మా ఊరి దగ్గరుంది.

ఇక్కడ, ఈయూలోనే ఉండే ఐర్లండ్ దేశంతో సరిహద్దు సుమారు 500 కిలోమీటర్లు. దాటే దారులు రెండు వందలకు పైనే. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. రోడ్డు మీద వేగం బోర్డు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారితే దేశం మారిందని అర్థం. ఇక్కడి హింసకు ముగింపు పలికిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందానికి ముందు ఇవే రోడ్ల మీద సైనికుల కాపలా టవర్లు ఉండేవని మా వార్డులో పెద్దవాళ్లు చెబుతారు. చెబుతుంటే వాళ్ల గొంతు మారుతుంది. వాళ్లకు ఇది కస్టమ్స్ సమస్య కాదండీ.

మా ఆల్ట్‌నాగెల్విన్ ఆసుపత్రిలో కొత్త క్యాన్సర్ కేంద్రం ఉంది. దానికి రెండు దేశాల ప్రభుత్వాలూ డబ్బు పెట్టాయి. డోనెగాల్ నుంచి, అంటే అవతలి దేశం నుంచి, రోగులు రేడియోథెరపీకి ఇక్కడికి వస్తారు. ఏప్రిల్‌లో మా ట్రీట్‌మెంట్ ఆగదు కదా అని అడుగుతున్నారు. ఆగదు అనే చెబుతున్నాం. నర్సుగా అంతకంటే ఏం చెప్పగలం?

ఇంకో మాట. మాకిక్కడ ప్రభుత్వమే లేదు. స్టోర్‌మాంట్ అసెంబ్లీ 2017 జనవరిలో కూలింది, రెండేళ్లు దాటింది. మంత్రులు లేరు, అధికారులు ఫైళ్లు నడుపుతున్నారు. బ్రెగ్జిట్ ఎక్కువగా తగిలే చోట, దాని గురించి మాట్లాడటానికి ఎన్నికైన ప్రభుత్వం లేదు. లండన్‌లో మా తరఫున వినిపించేది బ్రెగ్జిట్ కోరే డీయూపీ పార్టీ పది మంది ఎంపీల గొంతు. ఇక్కడి జనంలో 55.8 శాతం ఉండిపోదామని ఓటేశారు.

పల్నాటి వకీలు
ఫిబ్రవరి 18, ఉదయం 9:50

ఫాయిల్ ఒడ్డు అక్కా, వేదికలో ఇంతవరకు వచ్చినవాటిలో మీ పోస్టు ముఖ్యమైనది. చదివేవాళ్ల కోసం ఒక మాట కలుపుతాను. ఒప్పందం 585 పేజీలు. గొడవంతా అందులోని బ్యాక్‌స్టాప్ దగ్గర. వేరే ఏర్పాటు కుదిరేదాకా బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉండాలి, అక్క చెప్పిన రోడ్ల మీద గేట్లు రాకూడదు. బ్రిటన్ తనంతట తాను దాని నుంచి బయటపడలేదు. ప్రధాని పార్టీలో వెళ్లాలనేవాళ్లు దీన్నే ఉచ్చు అంటున్నారు.

జనవరి 29న సభ 317-301తో ఏం తీర్మానించింది? బ్యాక్‌స్టాప్ తీసేసి "ప్రత్యామ్నాయ ఏర్పాట్లు" పెట్టమని. ఆ ఏర్పాట్లు ఏమిటో ఒక్కరూ కాగితం మీద పెట్టలేదు.

హౌన్‌స్లో శాస్త్రి
ఫిబ్రవరి 18, సాయంత్రం 4:20

పిల్లలూ, నేను ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. 1975 జూన్‌లో జరిగిన మొదటి రెఫరెండంలోనూ ఓటేశాను. అప్పుడు 67 శాతం ఉందామన్నారు.

ఆ రెంటికీ తేడా ఒకటి చెప్తాను. 1975లో హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం ముందు యూరప్‌తో మళ్లీ చర్చలు జరిపి, షరతులు ఖరారు చేసుకుని, ఆ తర్వాత జనాన్ని అడిగింది. ఇవి షరతులు, ఒప్పుకుంటారా అని. జనం చూసి చెప్పారు. 2016లో ముందు ఓటు, తర్వాత షరతులు. వెళ్తే ఎలా వెళ్తాం అన్నది ఆ ఓటు చీటీ మీద లేదు. నార్వేలాగా సభ్యత్వం లేకుండా ఈయూ మార్కెట్లో ఉందామన్నవాడూ, అన్నీ తెంచుకుందామన్నవాడూ ఒకే గడిలో టిక్కు పెట్టారు. ఆ పని మిగిలిపోయింది కాబట్టి ప్రభుత్వం ఒక దారిని ఎంచుకుని జనం ముందు పెట్టాలి. ఎంచుకున్న క్షణం పార్టీ రెండుగా చీలుతుంది. ఈయూతో ఒకే సుంకాలుండే కస్టమ్స్ యూనియన్ అంటే ఒక వంద మంది పోతారు, నో డీల్ అంటే మంత్రులే రాజీనామా చేస్తారు. 2017లో ముందస్తు ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకున్నారు. ఇక మిగిలింది ఒక్కటే, ఎంచుకోకుండా నెట్టుకురావడం. మంత్రులు డేవిడ్ డేవిస్, బోరిస్ జాన్సన్, డొమినిక్ రాబ్ వరుసగా రాజీనామా చేశాక ప్రధాని నేర్చుకున్న పాఠం ఇదేనేమో.

చాలామంది ఆవిడకు మొండితనం అంటారు. నా దృష్టిలో ఇది భయం. పార్టీ చీలుతుందన్న భయం ముందు దేశం గడువు చిన్నదైపోయింది.

కాజీపేట ప్యాసింజర్
ఫిబ్రవరి 18, రాత్రి 9:10

శాస్త్రి గారూ, పెద్దవారు, మీ మాట కాదనను. కానీ ప్రతిపక్షం మాటేమిటి? లేబర్ పార్టీ నేత కార్బిన్ ఈ నెల 6న ప్రధానికి ఉత్తరం రాశారు, కస్టమ్స్ యూనియన్ కావాలని ఐదు షరతులు పెట్టి. అంతకుముందు రెండేళ్లు వాళ్ల విధానం ఏమిటో వాళ్ల ఎంపీలే చెప్పలేకపోయారు. ఇవాళ ఏడుగురు లేబర్ ఎంపీలు పార్టీ వదిలిపోయారు. నాన్చుడు రెండు వైపులా ఉంది.

స్విండన్ శ్రీను
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 12:35

హోండా ప్రకటన వచ్చేసింది. మా ఊరి ఫ్యాక్టరీ 2021లో మూసేస్తారు. 3,500 ఉద్యోగాలు.

నేను ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు ఇచ్చే కంపెనీలో పని చేస్తాను, కాబట్టి ఆ లెక్కలో నేను లేను. మాలాంటి వాళ్లను కలిపితే ఎంతమందో. బ్రెగ్జిట్‌కు దీనికీ సంబంధం లేదని హోండా చెప్పింది, ఎలక్ట్రిక్ కార్ల వైపు మార్పు అంటోంది. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఈ నెల 3న నిస్సాన్ ఎక్స్-ట్రయల్‌ను సండర్‌లాండ్‌లో తయారు చేయబోమని చెప్పినప్పుడు, అనిశ్చితి వల్ల ప్లాన్ చేసుకోలేకపోతున్నామని వాళ్లే అన్నారు. మన టాటా వాళ్ల జాగ్వార్ ల్యాండ్ రోవర్ జనవరిలో 4,500 ఉద్యోగాలు తీసేస్తామంది. దానికి చైనాలో అమ్మకాలు, డీజిల్ కార్లు కూడా కారణాలు.

మా షెడ్డులో గంటల లెక్కన సరుకు వస్తుంది. నిల్వ పెట్టుకునే పద్ధతే లేదు, పొద్దున వచ్చిన పార్ట్ సాయంత్రానికి కారులో ఉంటుంది. సరిహద్దులో సగం రోజు ఆగితే లైన్ ఆగుతుంది. ఇది ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. కంపెనీలు రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాయి. ఇవాళ క్యాంటీన్‌లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఇద్దరు చిన్న పిల్లలతో ఇల్లు కొన్నవాళ్లు ఉన్నారు మాలో.

ఫాయిల్ ఒడ్డు
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:02

శ్రీను తమ్ముడూ, ధైర్యంగా ఉండు. మీ వీసా కంపెనీ మీద ఉంటే ముందు ఆ కాగితాలు ఒకసారి చూసుకోండి. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి టైం తక్కువ ఇస్తారు.

స్విండన్ శ్రీను
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 2:20

నాకు ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేసింది అక్కా. నాతో పనిచేసే ఇద్దరికి ఆ టెన్షన్ ఉంది.

భీమవరం రాజు
ఫిబ్రవరి 20, ఉదయం 11:00

మేం రొయ్యలు ఎగుమతి చేస్తాం. వనామీ, ఫ్రీజ్ చేసి పంపుతాం. ఎక్కువ అమెరికాకే, కొంత యూరప్‌కు, అందులో బ్రిటన్‌ది ఒక చిన్న వాటా. కంటైనర్ ఇక్కడి రేవు నుంచి బ్రిటన్ రేవు ఫెలిక్స్‌టోవ్ చేరడానికి సుమారు నెల. అంటే ఇప్పుడు ఎక్కించేది గడువుకు అటో ఇటో దిగుతుంది. ఇక్కడ ఎక్కేటప్పుడు ఒక చట్టం, అక్కడ దిగేటప్పుడు ఇంకో చట్టం.

యూరప్ నిబంధనలతో మాకు ముందే కష్టం ఉంది. మన దేశపు చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్స్ పరీక్షను 2016 నుంచి 50 శాతం కన్‌సైన్‌మెంట్లకు పెంచారు. విడిపోయాక బ్రిటన్ అదే ఉంచుతుందా? వర్ధమాన దేశాలకిచ్చే రాయితీ పథకం జీఎస్పీ కింద తక్కువ సుంకం కొనసాగిస్తామని బ్రిటన్ చెప్పిందట, రేట్ల పట్టిక మాత్రం ఇంకా రాలేదు. మా కొనుగోలుదారు ధర ఖాయం చేయమంటే, 29 తర్వాత చూద్దాం అంటున్నాడు. ఈలోపు రైతుకు మేం డబ్బు ఇవ్వాలి కదా. లండన్‌లో తీసుకోని నిర్ణయం చెరువు గట్టు దాకా వస్తోంది.

జీడిమెట్ల క్యూఏ
ఫిబ్రవరి 20, రాత్రి 7:45

రాజు గారూ, మందుల రంగం మాది. మాకు ఈ అనుభవం ముందే వచ్చింది, ఎందుకంటే మా దగ్గర ఎవరూ లండన్ కోసం ఆగలేదు.

బయటి దేశం నుంచి ఈయూలోకి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ ఈయూ లోపల ఉన్న అర్హుడైన వ్యక్తి పరీక్ష చూసి విడుదల చేయాలి. చాలా హైదరాబాద్ కంపెనీలు ఆ పని బ్రిటన్‌లో చేయించేవి, ఇంగ్లిష్ సౌకర్యం కాబట్టి. బ్రిటన్ బయటికి వెళ్తే ఆ విడుదల యూరప్‌లో చెల్లదు. అందుకని మాల్టా, జర్మనీ లాంటి చోట్లకు మార్చుకోవడం రెండేళ్లుగా నడుస్తోంది. ప్రతి మందుకూ ఫైలు మార్పు, ఫీజు, ఆడిట్.

ఈయూ మందుల నియంత్రణ సంస్థ యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తోంది. 2017 నవంబర్‌లో నిర్ణయమైంది. మొన్న జనవరి చివర్లో కెనరీ వార్ఫ్ ఆఫీసులో జెండాలు దించేశారు. 900 మంది పనిచేసే సంస్థ అది. ఈయూ తన వైపు పనులు తేదీల ప్రకారం ముగించింది. బ్రిటన్ వైపు ఆరు వారాల మందులు అదనంగా నిల్వ పెట్టమని కంపెనీలకు చెప్పారు, కంపెనీలు పెట్టాయి. యూరప్‌లో పరీక్షించిన మందులను మళ్లీ పరీక్షించకుండా తీసుకుంటామని కూడా ముందే చెప్పారు. అది తెలివైన పని. పని చేయాలనుకున్న చోట చేయగలిగారు కదా, మిగతా చోట్ల ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న.

పల్నాటి వకీలు
ఫిబ్రవరి 21, ఉదయం 10:30

ఇది చదువుతుంటే మన విభజన గుర్తుకు రాక మానదు. 2014 మార్చి 1న చట్టానికి రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న అపాయింటెడ్ డే. మూడు నెలలు. ఉద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ కూర్చుంది, ఏళ్లు పట్టింది. తొమ్మిది, పదో షెడ్యూళ్ల సంస్థల ఆస్తులు ఈరోజుకీ తేలలేదు. హైకోర్టు మొన్న జనవరి 1న విడిపోయింది. నోటిఫికేషన్ డిసెంబర్ 26న వచ్చింది. వారం కూడా లేదు. కక్షిదారులకు ఏ కేసు ఎక్కడ వినిపిస్తారో చెప్పలేక మేం పడ్డ అవస్థ మాకే తెలుసు.

అయినా మన బతుకులు ఆగలేదు. ఎందుకు? రెండు రాష్ట్రాల మీదా ఒక కేంద్రం ఉంది, ఒక సుప్రీంకోర్టు ఉంది, ఒకే రూపాయి. కోదాడ దగ్గర కస్టమ్స్ గేటు పెట్టాల్సిన పని లేదు. తేలని విషయాలు తేలకుండానే ఉన్నా వాటి కింద నేల ఉంది. బ్రిటన్ వదిలి వెళ్తున్నది ఆ నేలనే. అందుకే అక్కడ నాన్చడం మన దగ్గర నాన్చడం కంటే ప్రమాదం.

కాజీపేట ప్యాసింజర్
ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 12:15

వకీలు గారూ, తేడా మీరే చెప్పారు కాబట్టి సంతోషం. ఇంకోటి నేను చెప్తా. విడిపోవాలని కోరుకున్నందుకు మమ్మల్ని అప్పుడూ తప్పు పట్టారు. విడిపోయాక జరిగిన ఆలస్యాలన్నిటికీ కారణం ఆ కోరికే అన్నారు. బ్రెగ్జిట్‌లో కూడా ఇప్పుడు అదే వింటున్నా. కోటీ 74 లక్షల మంది ఓటేస్తే, దాన్ని పద్ధతిగా అమలు చేయాల్సిన బాధ్యత పాలించేవాళ్లది. చేయలేక, ఓటేసినవాళ్లకే బుద్ధి లేదంటే నేను ఒప్పుకోను. వలస విధానం మీద డిసెంబర్‌లో వచ్చిన శ్వేతపత్రం చూశారా? ఏడాదికి 30,000 పౌండ్ల జీతం ఉంటేనే వీసా అన్న ప్రతిపాదన. కూర రెస్టారెంట్లకు వంటవాళ్లు వస్తారని 2016లో ప్రచారం చేశారు. ఏ వంటవాడికి ఆ జీతం ఇస్తారు? మమ్మల్ని కూడా వదిలేశారు.

వేదిక నిర్వాహకుడు
ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 1:00

విభజన మీద వాదన మొదలైతే ఆగదు. దయచేసి అసలు విషయం మీదే రాయండి. ఆ చర్చకు వేరే విభాగం ఉంది.

లీడ్స్ గోపాలం
ఫిబ్రవరి 26, సాయంత్రం 5:30

ఇవాళ సభలో ప్రధాని మూడు తేదీలు చెప్పారు. మార్చి 12లోపు ఒప్పందం మీద ఓటు. ఓడితే 13న నో డీల్ మీద ఓటు. అదీ ఓడితే 14న గడువు పొడిగింపు మీద ఓటు. మంత్రులు ఆంబర్ రడ్, గ్రెగ్ క్లార్క్, డేవిడ్ గాక్ పత్రికలో బహిరంగంగా రాస్తే, మంత్రులు రాజీనామా చేస్తామంటే కదిలారు. వ్యాపారులు, కార్మికులు, ఆసుపత్రులు రెండేళ్లు మొత్తుకున్నది వినపడలేదు.

హౌన్‌స్లో శాస్త్రి
ఫిబ్రవరి 26, రాత్రి 8:15

ప్రధాని ముఖ్య సంప్రదింపుల అధికారి ఆలీ రాబిన్స్ బ్రసెల్స్‌లో ఒక బార్‌లో మాట్లాడుతుంటే ఐటీవీ విలేఖరి విన్నాడు కదా. చివర్లో ఎంపీలకు ప్రధాని ఒప్పందమా, దీర్ఘకాలం పొడిగింపా అన్న రెండే మిగులుతాయన్నది ఆ మాటల సారం. అంటే ఈ ఆలస్యం చేతగానితనం ఒక్కటే కాదు, ఇందులో ఎత్తుగడ కూడా ఉంది. గడువు మెడ మీదికి వస్తే లొంగుతారని. శ్రీను లాంటివాళ్ల ఉద్యోగాలను ఆ పందెంలో పెట్టే హక్కు ఎవరిచ్చారు?

భీమవరం రాజు
మార్చి 13, మధ్యాహ్నం 3:40

సుంకాల పట్టిక ఇవాళ వచ్చింది. గడువుకు 16 రోజుల ముందు! నో డీల్ అయితే విలువలో 87 శాతం దిగుమతులకు తాత్కాలికంగా సుంకం ఉండదట. గొడ్డుమాంసం, గొర్రె, కోడి, కార్లు లాంటివాటికి ఉంచారు. ఐర్లండ్ రోడ్డు సరిహద్దు మీదుగా వచ్చే ఈయూ సరుకుకు సుంకమూ తనిఖీలూ ఉండవట. మా కంటైనర్లు సముద్రం మీద ఉన్నాయి. ఇదే పట్టిక జనవరిలో ఇచ్చి ఉంటే ధర మాట్లాడుకునేవాళ్లం.

లీడ్స్ గోపాలం
మార్చి 14, రాత్రి 9:20

12న ఒప్పందం మళ్లీ ఓడింది, 391-242. 13న నో డీల్ వద్దని 321-278. ఇవాళ పొడిగింపు అడగాలని 412-202. వకీలు గారూ, ఇప్పుడు 29వ తేదీ పోయినట్టేనా?

పల్నాటి వకీలు
మార్చి 14, రాత్రి 10:05

పోలేదు. వద్దని సభ తీర్మానం చేస్తే చట్టంలో తేదీ మారదు. అవతల 27 దేశాలు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఇక్కడ ఉత్తర్వు రావాలి. ఏదీ జరగకపోతే 29 రాత్రి 11కి బయటే.

ఫాయిల్ ఒడ్డు
మార్చి 18, సాయంత్రం 6:50

ఒకే ప్రశ్నను ఒకే సమావేశాల్లో మళ్లీ మళ్లీ ఓటుకు పెట్టకూడదని స్పీకర్ బెర్కో ఇవాళ అడ్డం చెప్పారు. 1604 నాటి ఆనవాయితీ అట. మా మ్యాట్రన్ వచ్చే నెల మందుల నిల్వ జాబితా మళ్లీ సరిచూడమంది. డోనెగాల్ పేషెంట్ల అపాయింట్‌మెంట్లు మామూలుగానే ఇస్తున్నాం. మన వీసావాళ్లకు ఒక విషయం. ఇక్కడ సరిహద్దు తెరిచి ఉంది కదా అని అటు వెళ్లకండి, మనకు ఐర్లండ్ వీసా విడిగా కావాలి, బ్రెగ్జిట్ ఉన్నా లేకున్నా. కొత్తగా వచ్చిన అమ్మాయిలు పొరపాటున బస్సెక్కుతున్నారు.

పల్నాటి వకీలు
మార్చి 22, ఉదయం 8:40

రాత్రి బ్రసెల్స్‌లో తేలింది. ప్రధాని జూన్ 30 దాకా గడువు అడిగారు. వాళ్లు ఇచ్చింది వేరు. వచ్చే వారం ఒప్పందం నెగ్గితే మే 22 దాకా, లేకపోతే ఏప్రిల్ 12 దాకా. ఏప్రిల్ 12 ఎందుకంటే, మే 23 నుంచి జరిగే యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో బ్రిటన్ పాల్గొనాలంటే ఆలోపు నోటీసు ఇవ్వాలి. అంటే ఇక ముందు క్యాలెండర్ రాసేది లండన్ కాదు, బ్రసెల్స్. అధికారం వెనక్కి తెచ్చుకోవడానికి బయలుదేరిన దేశం, తేదీ పెట్టే అధికారాన్ని నిర్ణయం తీసుకోకపోవడం వల్ల పోగొట్టుకుంది.

కాజీపేట ప్యాసింజర్
మార్చి 22, ఉదయం 9:30

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. వెళ్లాలన్నవాడిగా నాకు అన్నిటికంటే బాధ ఇదే.

భీమవరం రాజు
మార్చి 22, ఉదయం 10:10

గోపాలం గారూ, మా రెండు కంటైనర్లు 29కి కాస్త అటుఇటుగా ఫెలిక్స్‌టోవ్ చేరతాయి. ఇప్పుడు పాత నిబంధనలే కదా?

లీడ్స్ గోపాలం
మార్చి 22, ఉదయం 10:45

అవును రాజు గారూ, ఏప్రిల్ 12 దాకా ఈయూ నిబంధనలే. పార్లమెంటులో తేదీ మార్చే ఉత్తర్వు వచ్చే వారం పాస్ కావాలి, అవుతుందనే అందరూ అంటున్నారు. మీ హెల్త్ సర్టిఫికెట్లు ఈయూ నమూనాలోనే ఉంచండి. 12 తర్వాత దిగే సరుకుకు మాత్రం మీ కొనుగోలుదారుతో సుంకం ఎవరు కట్టాలో ముందే రాయించుకోండి, మాటల మీద వదలకండి.

మా కంపెనీలో 29 కోసం తెచ్చిన నిల్వంతా అలాగే ఉంది. గోదాము అద్దె నెలాఖరుతో అయిపోతుంది, యజమాని కొత్త రేటు చెబుతున్నాడు. వేక్‌ఫీల్డ్, బ్రాడ్‌ఫోర్డ్ వైపు ఏప్రిల్ ఆఖరు దాకా ఇరవై ముప్పై ప్యాలెట్లు పెట్టుకోవడానికి చోటు ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి, లేదా నాకు సందేశం పెట్టండి. మామూలు పొడి గోదాము చాలు, చల్లగా ఉంచాల్సిన అవసరం లేదు.